రోలరక్క చూసిన గుర్తు

రోడ్డు రోలరు నడిపిన మనిషి చేతికి క్షిపణుల బండి ఎలా ఇచ్చారని ఎవరైనా అడిగితే రోలరక్క ఒకటే మాట చెప్పేది. రెండూ బరువైనవే, రెండిటికీ తొందర పనికిరాదు, అంతే. ఆమె అసలు పేరు జీతాలిచ్చే చోట తప్ప ఎక్కడా వినపడదు. తండ్రి నడుము పడిపోయాక ఆయన రోలరు తనే ఎక్కింది. మొదటిరోజు ఆడపిల్ల రోలరు నడుపుతుందట అని వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. ఒకాయన నవ్వుతూ నవ్వుతూ వేడి తారులో కాలేసి చెప్పు అక్కడే వదిలేసి పోయాడు. నవ్విన నాపచేనే పండుతుందన్నట్టు, ఆ తర్వాత ఊళ్ళో ఏ రోడ్డు వేసినా రోలరు మీద ఆమె ఉందో లేదో కనుక్కునే కంట్రాక్టరు పని మొదలుపెట్టేవాడు. ఆమె తొక్కించిన రోడ్డు మీద వాన నీళ్ళు నిలవవని పేరు.

యుద్ధం వచ్చి, బరువు బండ్లు నడపగలవాళ్ళు కావాలని పిలిచినప్పుడు ఆమె కూడా వెళ్ళి వరసలో నిలబడింది. ఇంతకుముందు ఏం నడిపావని గుమస్తా అడిగి, జవాబు విని, ఆ నడకన వెళ్తే సంధి కుదిరాక చేరతావమ్మా అన్నాడు. వరసలో వాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఎందుకంటే మాట బాగానే ఉంది. తర్వాత పెద్ద లారీని రెండు గోడల మధ్యకి వెనక్కి పెట్టమన్నారు. ముందు వచ్చినవాళ్ళంతా ఏదో ఒక గోడకి సున్నం రాల్చి దిగారు. ఆమె అద్దంలో చూసుకుంటూ ఒక్క ఊపున పెట్టి, ఇంజను ఆపి, ఇంకా ఏమైనా ఉందా అని అడిగింది.

ఆమెకిచ్చిన బండికి సైన్యం పెట్టిన పేరు అంకెలూ అక్షరాలూ కలిసి బారెడుంటుంది. అది పూర్తిగా పలికేలోపు విమానం నెత్తి మీంచి దాటిపోతుంది కాబట్టి అందరూ ఉత్త బండి అనే అనేవారు. ముందు డ్రైవరు గది, వెనక కిటికీలు లేని ఇనప గది, దాని పైన గిర్రున తిరిగే తల, తలకి రెండు పక్కలా క్షిపణులున్న గొట్టాలు. మబ్బుల పైన పోయే పెద్ద విమానాలతో దానికి నిమిత్తం లేదు. చెట్ల చివళ్ళు రాసుకుంటూ కిందగా వచ్చేవాటి కోసమే అది పుట్టింది. ఒకచోట నిలబడాలి, కొట్టాలి, వెంటనే మూటాముల్లె సర్దుకుని ఇంకోచోటికి పరిగెత్తాలి. కొట్టినచోటే కూర్చుంటే అవతలివాడు వచ్చి దాన్నే కొడతాడు.

వెనక గదిలో ఇద్దరుండేవారు. బండికి పెద్ద మాస్టారు. యుద్ధానికి ముందు బడిలో లెక్కలు చెప్పేవాడు, ఇప్పటికీ ఎవరైనా మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆపే అలవాటు పోలేదు. మీట నొక్కేవాడు టీవీ తమ్ముడు. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు. ఇప్పుడు తెర మీద చుక్కలు చూసి అది పిట్టో, మబ్బో, ప్రాణం తీసేదో చెప్పేస్తాడు.

బండి ఎక్కడ ఆగినా ముందు దానికి దిక్కులు నేర్పాలి. ఉపగ్రహాల నుంచి దిక్కు తెలిసే ఏర్పాటుంది గానీ, అవతలివాళ్ళు ఆ సంకేతాలని చెడగొట్టేస్తున్నారు. అందుకని పాతకాలపు పద్ధతే దిక్కయింది. బండి ఆగగానే డ్రైవరు దిగి, చూపుగొట్టం కన్నుకి పెట్టుకుని, దూరాన ఉన్న ఒక గుర్తుని చూసి అంకె చెప్పాలి. ఏ జాగాకి ఏది గుర్తో ముందే రాసి ఉంటుంది. ఒకచోట నీళ్ళ ట్యాంకు, ఇంకోచోట వంతెన స్తంభం. ఆ అంకె లోపల నొక్కితే తెర మీద దిక్కులు కుదురుకుంటాయి, వాటితోపాటే పచ్చటి పట్టీ ఒకటి పరుచుకుంటుంది. దాన్ని పచ్చదారి అంటారు. మనవాళ్ళు వచ్చే దారి అది. అందులో కనిపించినదాని జోలికి పోరు. దాని బయట కిందగా ఏది వచ్చినా, ఎవరినీ అడక్కుండా కొట్టెయ్యమని ఆజ్ఞ.

ఆ పచ్చదారిలో రోజూ వచ్చేది క్షతగాత్రుల హెలికాప్టర్. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ముందు వరస నుంచి గాయపడ్డవాళ్ళని తెస్తుంది. పిలిస్తే నేను మనవాణ్ణేనని పలికే పరికరం అన్నిటికీ ఉన్నట్టే దానికీ ఉంది గానీ, ఆ పలుకు అవతలివాళ్ళు కూడా వింటారు కాబట్టి పచ్చదారి సాగే నాలుగు కోసులూ నోరు మూసుకునే వస్తుంది. అందులో నర్సు రోలరక్క కూతురు.

ఇది దైవికంగా జరిగింది కాదు. కూతురికి అక్కడ పని పడిందని తెలిసిన రోజే రోలరక్క పెద్ద ఆఫీసరు గుమ్మం ముందు నిలబడింది. నా పిల్ల వచ్చే దారికి నేనే కాపలా ఉంటాను, నన్ను ఆ బండి మీద వెయ్యండి అని అడిగింది. కుదరదన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మూడోసారికి ఆయన విసుగెత్తి సంతకం పెట్టాడు. అప్పట్నుంచి ఆమెకి ఎంత ధీమా వచ్చిందంటే, ఆ తల్లిని చూస్తే ఆకాశానికి తాళం వేసి చెవి కొంగున కట్టుకుందేమో అనిపించేది. హెలికాప్టర్ వెళ్ళేటప్పుడు పక్క తలుపులోంచి ఒక చెయ్యి ఊగేది. రోలరక్క హెడ్‌లైట్లు ఒకసారి వేసి ఆర్పేది. దిగాక కూతురు బండి వాళ్ళ ఫోనుకి చేసి, చేరాం అని చెప్పేది.

ఆ రోజు తెల్లవారేసరికి పొగమంచు పట్టింది. బండి కొత్త జాగాలో ఆగింది. పాడుబడ్డ పెంకుల ఫ్యాక్టరీ తాలూకు పొగగొట్టాలు రెండు దూరాన పక్కపక్కన ఉంటాయి, వాటిలో ఎడమది ఇక్కడికి గుర్తు. రోలరక్క దిగి చూస్తే మంచులో ఒకటే కనిపించింది. ఎడమది కాస్త దగ్గర, అదే ముందు తేలుతుంది, ఇది అదే అనుకుంది. అక్కడే ఆగి ఉండాల్సింది. రెండూ కనిపించి ఉంటే ఏది ఎడమో, ఏది కుడో ఇంకోసారి చూసుకునేది. ఒకటే ఉన్నప్పుడు మనిషికి అనుమానం రాదు, అదే వచ్చిన చిక్కు. అంకె చెప్పింది. పెద్ద అన్నవాడు కూడా దిగి ఇంకోసారి చూడాలని నియమం. మాస్టారు తలుపులోంచి మెడ బయటపెట్టి, అక్క చూసిందంటే చూసినట్టే, ఈ చలిలో నేనెందుకు అని లోపలికి పోయాడు. ఆమె చూపు మీద వాళ్ళకంత గురి. ఆ గురే కొంప ముంచింది.

బండి కదలకుండా నిలబెట్టే ఇనప కాళ్ళు దించారు. గొట్టాల తల లేచింది. ఆ చుట్టుపక్కల అందరికీ ఆ రోజు ప్రాణాలు పిడికిట్లో ఉన్నాయి, ఎందుకంటే రెండు రోజుల కిందట ఒక డ్రోను ఇదే దారి అంచున దూరి వచ్చి నీళ్ళ పంపుహౌసుని కొట్టింది. ఇద్దరు పనివాళ్ళు పోయారు, ఊరికి నీళ్ళు లేవు. అప్పుడు తెర మీద దాన్ని చూసి, మనదేమోనని ఒక్క క్షణం ఆగినవాడు మాస్టారే. ఆ తర్వాత ఆయన సరిగ్గా తిన్నదీ లేదు, నిద్రపోయిందీ లేదు. ఇక ఆగను అని ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పాడు.

రోలరక్క తన గదిలో కూర్చుని ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ ఉంది. ఎండ పొడ తగిలి మంచు పల్చబడింది. పొగగొట్టం బాగా తేలింది. ఇంకాసేపటికి రెండోది తేలింది, దానికి ఎడమపక్కన.

ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఎడమపక్కనే ఉంది. అంటే తను పొద్దున చూసింది కుడిది. చెయ్యి చాపి చూస్తే రెండిటి మధ్యా వేలెడు సందు. ఇక్కడ వేలెడు తేడా అంటే అక్కడ ఆకాశంలో పచ్చదారి పక్కకి జరిగి, హెలికాప్టర్ వచ్చే చోటు కాస్తా చంపాల్సిన చోటైపోతుంది.

అప్పుడే నోరు తెరిచి ఉంటే ఇంత కథే లేదు. తెరవలేదు. మాట్లాడే మైకు చెంప పక్కనే ఉంది. అక్క చూసిందంటే చూసినట్టే అన్న మాట చెవిలో ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క రోడ్డు వంకర పోలేదు, ఒక్క గోడకి గీత పడలేదు. ఇప్పుడు తప్పు చూశానని చెబితే ఈ సీటు పోతుంది, సీటు పోతే పిల్ల దారికి కాపలా పోతుంది. ఇంకోసారి చూద్దాం, నాకే భ్రమేమో, హెలికాప్టర్‌కి ఇంకా వేళ ఉందిలే అనుకుంది. తనకి తను నచ్చజెప్పుకోవడంలో మనిషిని మించిన లాయరు లేడు. చూపుగొట్టం మళ్ళీ తీసింది. చూసింది. దించింది. మళ్ళీ తీసింది.

చెవిలో టీవీ తమ్ముడి గొంతు వినపడింది. కిందగా ఒకటి వస్తోంది, దారి బయట, పలకడం లేదు అన్నాడు. పైన తల గిర్రున తిరిగి ఒక వైపు ఆగింది.

"మాస్టారూ, కొట్టకండి. గుర్తు తప్పు చూశాను."

మాస్టారు, ఆ వస్తున్నది కంటికి కనిపిస్తోందా అని అడిగాడు. కనిపించడం లేదంది. మరి పొద్దున సరిగ్గా చూశానన్నావే అన్నాడు. రెండో పొగగొట్టం ఇప్పుడే తేలింది, అది ఎడమపక్కనుంది అంది. హెలికాప్టర్‌కి ఇంకా టైముంది అక్కా, అది ఇంత ముందు ఎప్పుడూ రాలేదు అని మధ్యలో టీవీ తమ్ముడు అందుకున్నాడు.

మాస్టారి గొంతు కఠినంగా లేదు. కఠినంగా ఉన్నా బాగుండేది.

"అక్కా, నువ్వు అమ్మవై మాట్లాడుతున్నావు. ప్రతి చుక్కా నీకు నీ కూతురులాగే కనిపిస్తుంది. మొన్న నేను ఆగాను. ఇద్దరు పోయారు."

కాళ్ళావేళ్ళా పడి ఈ చోటు అడుక్కున్నది రోలరక్కే. అలా అడుక్కున్న మనిషి మాట ఇవాళ సాక్ష్యానికి పనికిరాకుండా పోయింది. కూతురు అందులో లేకపోతే మాస్టారు నమ్మేవాడు. కంచే చేను మేసిందంటారే, అది ఎవరి కథో అనుకుంటాం. ఆ కంచె తనేనని ఆమెకి ఒళ్ళంతా తెలిసింది.

చుక్క దొరికిందని, క్షిపణి దాన్ని పట్టుకుందని టీవీ తమ్ముడు చెప్పాడు. చెవిలో సన్నటి కూత మొదలైంది. క్షిపణికి వేట కనిపించినప్పుడు వచ్చే కూత అది. కొట్టు అన్నాడు మాస్టారు.

చక్రాల బ్రేకు బిగించి ఉంటేనే గొట్టాలకి కరెంటు అందేలా ఆ బండిని కట్టారు. కదిలే బండి మీంచి క్షిపణి లేస్తే దారి తప్పి ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు కాబట్టి. మీట ఎవరి చేతిలో ఉన్నా, బ్రేకు డ్రైవరు చేతిలోనే. రోలరక్క బ్రేకు వదిలేసింది.

వెనక గదిలో టక్కుమని శబ్దమైంది తప్ప ఏదీ లేవలేదు. టీవీ తమ్ముడు మీట మళ్ళీ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. ఎర్రలైటు వెలిగిందని అరిచాడు. బ్రేకు వెయ్యమని మాస్టారు గోడ మీద గుద్దాడు. ఆమె బ్రేకు పిడిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఇది నిజంగా డ్రోనే అయితే, ఇవాళ ఎవరింటి మీద పడినా ఆ పాపం తనది. అది కూడా ఆమెకి ఆ క్షణంలో పూర్తిగా తెలుసు. తెలిసే పట్టుకుంది.

ముందు చప్పుడు వచ్చింది. తర్వాత చెట్ల మీంచి ఆ బరువైన కడుపు, దాని మీద ఎర్ర గుర్తు తేలాయి. ముందు వరసలో ఎవరికో రక్తం ఆగక, వేళ కాకుండానే బయల్దేరింది అది. బండి నెత్తి మీదుగానే వెళ్ళింది. పైన గొట్టాల తల మాత్రం పట్టుకున్నదాన్ని వదలకుండా, అది ఎటు పోతే అటు మెల్లగా తిరిగింది. పక్క తలుపులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఊగింది. రోలరక్క చేతులు బ్రేకు మీదే ఉండిపోయాయి. ఆ రోజు లైట్లు వెయ్యలేదు.

వెనక గదిలో ఎవరో ఏడ్చారు. అది మాస్టారో టీవీ తమ్ముడో ఆమె అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

బండిని పాత బస్సుల షెడ్డులోకి మార్చారు. మీట నొక్కినా క్షిపణి లేవకపోతే పైవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది, కాబట్టి ఆఫీసరు తనే వచ్చాడు. విరిగిన బెంచీ మీద కూర్చుని ముగ్గురినీ విడివిడిగా అడిగాడు. దిగి చూడాల్సింది నేనే, చూడలేదు అని మాస్టారు ముందే ఒప్పుకున్నాడు. రోలరక్క పొగగొట్టాల సంగతి చెప్పింది. బ్రేకు సంగతి చెప్పింది. తప్పు తెలియగానే చెప్పారన్నమాట అని ఆఫీసరు తనంతట తనే అనేసుకుని లేచాడు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. రేపు ఇంకో డ్రైవరు వస్తాడు, మీరు సరుకుల లారీకి వెళ్ళండమ్మా, ఇవాళ్టికి మాత్రం వేరే మనిషి లేడు అని చెప్పి వెళ్ళిపోయాడు. కనీసం తిట్టలేదు. ప్రాణాలు కాపాడిందని భుజం కూడా తట్టాడు. ఆ తట్టిన చోట ఆమెకి తేలు కుట్టినట్టుంది.

అప్పుడు మోగింది ఫోను. టీవీ తమ్ముడు ఎత్తి, తల దించుకుని ఆమె చేతికిచ్చాడు.

చేరాం అని కూతురు మామూలుగానే అంది. రక్తం పోయిన కుర్రాడు బతుకుతాడట, అందుకే ఫోను ఆలస్యమైందట. గొంతు మంచి హుషారుగా ఉంది.

"అమ్మా, ఇవాళ మీ బండి చూశాను. గొట్టాలు మా వెంటే తిరిగాయి, మేం దాటేదాకా. పైలట్‌కి చూపించాను, మా అమ్మ నాకోసం తల తిప్పి చూస్తోందని. నువ్వే తిప్పించావు కదూ?"

అవునని అనెయ్యడానికి ఒక్క మాట చాలు. షెడ్డులో ఇంకో ఇద్దరున్నారు, ఇద్దరూ ఆమె అవునంటే చాలు అన్నట్టే చూస్తున్నారు. ఆమె గోడ వైపు తిరిగింది.

"కాదు తల్లీ. అవి నిన్ను కొట్టడానికి తిరిగాయి. గుర్తు నేనే తప్పు చూశాను."

అవతల ఎవరో స్ట్రెచరు ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. అక్కడితో ఆపినా సరిపోయేది, అంతవరకూ అందరికీ తెలిసిందే. రోలరక్క ఆపలేదు.

"తప్పని మంచు విడగానే తెలిసింది. తెలిశాక కూడా కాసేపు నోరు తెరవలేదు. నా పేరు పోతుందని. నీ దారి నా చేతిలోంచి పోతుందని."

ఆఫీసరు అడగని ముక్క అదే. మాస్టారు చెయ్యెత్తాడు, ఎవరినో ఆపబోతున్నట్టు, మళ్ళీ దించేశాడు. కూతురు ఏడవలేదు, కోప్పడలేదు. రోగితో మాట్లాడే గొంతుతో అడిగింది.

"మధ్యాహ్నం మేం మళ్ళీ రావాలి. గుర్తు ఎవరు చూస్తారు?"

నేనే, ఇవాళ్టికి వేరే ఎవరూ లేరని రోలరక్క చెప్పింది. సరే అని కూతురు ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నానికి బండి మళ్ళీ అదే జాగాకి వెళ్ళింది. మంచు ఎప్పుడో పోయింది, రెండు పొగగొట్టాలూ ఎండలో నిటారుగా నిలబడ్డాయి. రోలరక్క దిగి చూసి అంకె చెప్పింది. మాస్టారు దిగి చూశాడు. తర్వాత టీవీ తమ్ముణ్ణి కూడా దింపి చూపించాడు. ముగ్గురి అంకా ఒకటే. అయినా ఆమె ఇంకోసారి చూస్తానంటే ఎవరూ వద్దనలేదు.

హెలికాప్టర్ తన వేళకే వచ్చింది. పచ్చదారి నడిమధ్యన వస్తోందని టీవీ తమ్ముడు చెవిలో చెప్పాడు. గొట్టాల తల ఎటో చూస్తూ అలాగే ఉంది, వెంట్రుకవాసి కూడా ఇటు తిరగలేదు. రోలరక్క హెడ్‌లైట్లు వేసింది, ఆర్పింది. పక్క తలుపు తెరిచే ఉంది, దాని అంచున కూతురు కూర్చుని ఉండడం కూడా కనిపించింది. చెయ్యి ఊగలేదు. ఆమె ఇంకోసారి లైట్లు వేసి, హెలికాప్టర్ చెట్ల వెనక్కి దిగేదాకా ఆర్పకుండా ఉంచింది. ఇంక బండి కాళ్ళెత్తుదామా అక్కా అని మాస్టారు అడిగితే, ఎత్తండి అంది.